సోంబారి తోవలో దాలిమ్మ సగం

చెవులు ఇటు పెట్టండి. కొండలు ఇంకా ఎదుగుతున్న కాలం మాట ఇది. అప్పటికి గెడ్డలకి పేర్లు లేవు, గుట్టలకి పేర్లు లేవు. మనుషులకి మాత్రం పేర్లుండేవి. కడుపులో కుళ్ళు కూడా ఉండేది. అది మనిషితోపాటే పుట్టిందంటారు మా పెద్దోళ్ళు.

అలాంటి కాలంలో, కొండ నెత్తిమీద నేరేడుపుట్టు అని ఒక ఊరు. ఆ ఊరికి చలికాలం వస్తే పండగ. ఎందుకంటారా? జీలుగు చెట్లు ఊట పట్టేది చలికాలంలోనే. జీలుగంటే తాటిచెట్టుకి చుట్టం. గెల కోసి, కింద కుండ కడితే, రాత్రంతా చుక్క చుక్కగా కల్లు దిగుతుంది. పొద్దు పొడిచేవేళకి ఇంటికి తెస్తే తేనెలా ఉంటుంది. పిల్లలు తాగుతారు, బాలింతలు తాగుతారు, పళ్ళూడిన ముసలోళ్ళు తాగుతారు. ఎండెక్కేదాకా తోవలోనే ఉంటే పులిసిపోతుంది. పులిసింది మగాళ్ళకి తప్ప ఇంకెవరికీ పనికిరాదు.

జీలుగు చెట్లు ఊళ్ళో ఉండవు. చల్లటి లోయలో, నీడలో ఉంటాయి. అక్కడికి వెళ్ళే తోవలో మూడు కష్టాలు. మొదటిది ముళ్ళ డొంక. రెండోది గెడ్డ, అంటే కొండవాగు. మూడోది జారుడు బండ. వానలు వెలిసేసరికి తోవమీద మనిషెత్తు గడ్డి లేచేది. మంచు పడి రాళ్ళు నాచెక్కేవి. కల్లు దించినోళ్ళు ముళ్ళు గీరుకుని, గెడ్డలో తడిసి, బండమీద జారి, పగిలిన కుండలతో ఇంటికొచ్చేవారు. మిగిలిన కల్లు పులిసిపోయేది. పిల్లలు ఖాళీ దొప్పలు నాకి ఏడ్చేవారు.

అప్పుడు సోంబారి కత్తి పట్టింది.

సోంబారి ఎవరంటే, ఊరి చివర గుడిసెలో ఒంటరిగా ఉండే ఆడమనిషి. మొగుడు ఏనాడో జ్వరమొచ్చి పోయాడు. పిల్లల్లేరు. పొట్టిగా ఉండేది. ఒక భుజం పైకి, ఒక భుజం కిందకి. ఎవరైనా పిలిస్తే వెళ్ళేది, పిలవకపోతే లేదు. పిలిచేవాళ్ళు తక్కువ.

ఒక చలికాలం ఎవరికీ చెప్పకుండా తోవ కొట్టడం మొదలెట్టింది. ముళ్ళు నరికింది. గెడ్డలో రాళ్ళు వరసగా పేర్చింది. జారుడు బండమీద పొయ్యి బూడిద, ఇసక కలిపి చల్లింది. తెల్లారకముందే లేచి రాలిన ఆకులు ఊడ్చేది. వంగిన వెదుళ్ళని తీగలతో పక్కకి లాగి కట్టేది. మగాళ్ళు వెళ్ళేసరికి తోవ సిద్ధం.

"ఎందుకప్పా నీకీ పని?" అని ఊరిపెద్ద నాయుడు అడిగాడు. అక్కని అప్ప అంటారు మా కొండల్లో.

"చెట్టెక్కలేను బాబూ. కుండ మొయ్యలేను. కత్తి పట్టగలను" అంది సోంబారి. అంతే అంది.

ఆ ఏడు నుంచి కల్లు తీపిగా ఇంటికొచ్చింది. పిల్లలు మూతులు తుడుచుకుని నవ్వారు. ఊరోళ్ళు దాన్ని సోంబారి తోవ అన్నారు.

ఇప్పుడు దాలిమ్మ సంగతి చెప్తాను. అసలు కథ దాలిమ్మదే.

ఊళ్ళో అందరికంటే బాగా చెట్టెక్కేవాడు పండన్న. అతని పెళ్ళాం దాలిమ్మ. చురుకైన పిల్ల. ఆమె అంబలి కాస్తే పక్కింటోళ్ళకి ఆకలేసేది. ఆమె చేటలో సామలు చెరిగితే ఒక్క రాయి మిగిలేది కాదు. అన్నీ ఉన్నాయి. ఓర్వడం ఒక్కటే లేదు. చిన్నప్పుడు చెల్లెలి జడ తన జడకంటే బెత్తెడు పొడుగుందని అన్నం మానేసిన పిల్ల. పక్కింటి కోడి ఎక్కువ గుడ్లు పెడితే తన కోడిని కోప్పడిన పిల్ల.

పండన్న రోజూ పొద్దున్నే కుండ దించి, గుమ్మంలో కూర్చుని, కాళ్ళు చాపి ఒకటే మాట అనేవాడు.

"ఒక్క ముల్లు లేదే దాలిమ్మా. ఒక్క రాయి కదల్లేదు. ఆ తోవమీద కళ్ళు మూసుకుని నడవచ్చు."

మొదటిరోజు దాలిమ్మ "ఊఁ" అంది. రెండోరోజు ఏమీ అనలేదు. మూడోరోజు చేతిలో గరిటె పొయ్యిమీద గట్టిగా కొట్టింది.

అంతకు ముందు వారమే ఆమె ఇంటికి ఎర్రమట్టి పూసింది. నడుం పడిపోయేలా గెడ్డ ఒడ్డు నుంచి మట్టి మోసుకొచ్చింది. బియ్యప్పిండితో లోపలా బయటా బొమ్మలు గీసింది. నెమళ్ళు, జింకలు, చెయ్యి చెయ్యి పట్టుకుని ఆడే ఆడపిల్లలు. పండన్న ఆ గోడకే వీపు ఆనించి కూర్చుని తోవ గురించి చెప్పాడు. గోడ చూడలేదు. వీపుకి పిండి అంటుకుంటే దులుపుకున్నాడు.

"ఏటి మావా, పొద్దు లెగిస్తే ఆ తోవ పాటేనా?" అంది దాలిమ్మ.

"బాగున్నదాన్ని బాగుందంటే తప్పేటే?"

"నా ఇల్లు బాగోలేదేటి?"

"ఇల్లు ఎక్కడికి పోతాది? ఇక్కడే ఉంటాది కదా" అని అతను అంబలి తాగి పడుకున్నాడు.

దాలిమ్మ కడుపులో కుంపటి రాజుకుంది. ఆ పొట్టి మనిషికి ఇంత పేరా? గడ్డి కోస్తే పేరా? నాకేటి తక్కువ? నేను చేసిందాన్ని చూసే దిక్కు లేదు, ఆమె ఊడ్చిన మట్టిని మొగుడు మెచ్చుకోవడమా? తలుచుకున్న కొద్దీ మండింది. అంబలి తాగుతుంటే మండింది, నీళ్ళు తోడుతుంటే మండింది. సోంబారి ఎదురుపడి "బాగున్నావా అమ్మీ" అంటే, "బాగున్నానప్పా" అని నవ్వింది. నవ్వుతుంటే ఇంకా మండింది.

ఆ సాయంత్రం దాలిమ్మ ముళ్ళ డొంకకి వెళ్ళింది. రేగు కంపలు నరికి తోవకి అడ్డంగా ఈడ్చింది. చేతులు రక్తాలయ్యాయి. అయినా హాయిగా నిద్రపోయింది.

పొద్దున్న పండన్న వచ్చాడు. కుండ దించాడు, కాళ్ళు చాపాడు.

"రాత్రి గాలికి కాబోలు, తోవంతా కంప పడిపోయింది. మేం వెళ్ళేసరికి సోంబారప్ప అంతా లాగి పడేసింది. చేతులనిండా గాట్లు, పాపం. ఇప్పుడు ఒక్క ముల్లు లేదే. అలాంటి మనిషి ఎక్కడా ఉండదు."

దాలిమ్మ తన గాట్లున్న చేతులు కొంగులో దాచుకుంది.

రెండోసారి గెడ్డకి వెళ్ళింది. వరసగా పేర్చిన రాళ్ళలో నడిమి రాళ్ళని పెకలించి నీళ్ళలోకి దొర్లించింది. పొద్దున్న పండన్న వచ్చాడు.

"గెడ్డలో రాళ్ళు పోయాయే. సోంబారప్ప మొలలోతు నీళ్ళలో నిలబడింది. ఆ చలిలో! మా కుండలన్నీ ఒక్కొక్కటే అందుకుని అవతలి ఒడ్డుకి అందించింది. ఒక్క చుక్క ఒలకలేదు. తరవాత మళ్ళీ రాళ్ళు పేర్చుకుంది. పళ్ళు కటకట కొట్టుకుంటున్నా నవ్వతానే ఉంది. ఊరంతా ఆ మాటే."

నిజంగానే ఊరంతా ఆ మాటే. నూతి దగ్గర అదే మాట, చావడిలో అదే మాట. దాలిమ్మ ఎంత చెరిపితే సోంబారి పేరు అంత పెరిగింది. దాలిమ్మకి అన్నం సయించలేదు. పొయ్యిలో కట్టె చిటపటమన్నా సోంబారిని మెచ్చుకుంటున్నట్టే వినిపించింది.

ఇక మూడోసారి. జారుడు బండ.

ఈసారి చాలాసేపు ఆలోచించుకుంది. కంప అడ్డమేస్తే కనబడుతుంది. రాయి తీస్తే కనబడుతుంది. బండమీద బూడిద కడిగేస్తే కనబడదు. ఒకరో ఇద్దరో జారుతారు. కుండలు పగులుతాయి. సోంబారి బూడిద సరిగ్గా చల్లలేదంటారు. అంతే చాలు. మొగుడికి మాత్రం పొద్దున్నే చెప్పొచ్చు, బండ దగ్గర జాగ్రత్త మావా అని.

పొద్దు వాలుతుండగా చీపురు, ముంత పట్టుకెళ్ళింది. ఊట నీళ్ళు పోసి పోసి బండని కడిగింది. కింద పచ్చటి నాచు తేలింది. పాము వీపులా నిగనిగలాడింది.

అనుకున్నది ఒకటి, అయింది ఇంకొకటి. ఆ రోజు నాయుడి కోడలు ప్రసవించింది. పాలు పడలేదు. తీపి కల్లు తాగిస్తే పాలు పడతాయని ముసలమ్మలు అన్నారు. పండన్న కోడి కుయ్యకముందే లేచి, సోంబారి కంటే ముందే లోయకి దిగాడు. దాలిమ్మ లేచి చూసేసరికి చాప ఖాళీ. మూల కుండ లేదు. చెట్టెక్కే గడ లేదు.

"ఓలమ్మో!" అని గుమ్మం దాటింది. చెప్పుల్లేవు, దుప్పటి లేదు. మంచులో పరిగెత్తింది.

ముళ్ళ డొంక దాటింది. ఒక్క ముల్లు కూడా గుచ్చుకోలేదు. పరిగెడుతుంటే అది తెలిసింది ఆమెకి. సోంబారి తోవమీద మొదటిసారి నడుస్తోంది మరి. రెండుసార్లు పాడు చెయ్యడానికే వచ్చింది, మూడోసారి కడగడానికి వచ్చింది. నడవడానికి ఏనాడూ రాలేదు.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి అవతలి ఒడ్డున మంచులోంచి ఏదో పాకుతూ కనబడింది. పెద్ద జీలుగు మట్ట. ఆకులతో సహా నరికిన మట్ట. దానిమీద పండన్న. కాలు మోకాలి కింద వంకరగా ఉంది. మొహం బూడిదరంగు. మట్ట తొడిమని తీగలతో నడుముకి కట్టుకుని ముందుకు వంగి లాగుతోంది సోంబారి. ఎత్తు భుజం ఇంకా ఎత్తుగా, పల్లపు భుజం ఇంకా పల్లంగా. తోవ నున్నగా ఉంది కాబట్టి మట్ట జారుతూ వస్తోంది. మామూలు అడవిలో అయితే కదిలేదే కాదు.

దాలిమ్మ నీళ్ళలోకి దూకింది.

"బతికున్నాడా అప్పా? బతికున్నాడా?"

"ఉన్నాడు. ఏడవకు. అటుపక్క పట్టుకో" అంది సోంబారి. "బండమీద పడి కిందకి దొర్లిపోయాడు. బూడిద లేదు అమ్మీ. ఎవరో కడిగేసారు."

ఆ మాటని దాలిమ్మ మొహం చూసే అంది. దాలిమ్మ కళ్ళు దించుకుంది. ఇద్దరూ కలిసి మట్టని నీళ్ళమీంచి ఎత్తారు. ఇద్దరూ కలిసి ఊరిదాకా లాగారు. తోవంతా సోంబారి ఒక్క మాట అనలేదు. తిడితే బాగుణ్ణనిపించింది దాలిమ్మకి. కొడితే ఇంకా బాగుణ్ణనిపించింది.

పండన్న బతికాడు. నాయుడు వెదురు బద్దలు కట్టి కాలు నిలబెట్టాడు. నాయుడి కోడలికి వేరేవాళ్ళు కల్లు తెచ్చారు. పాలు పడ్డాయి. ఊరంతా సోంబారి గుడిసె ముందు నిలబడి దండాలు పెట్టింది.

ఇక్కడికి కుళ్ళు చచ్చిందనుకుంటారేమో. లేదు. ఇంకా పెరిగింది. అంతకు ముందు తోవ ఒక్కటే సోంబారిది. ఇప్పుడు మొగుడి ప్రాణం కూడా సోంబారిదే. పండన్న ఊపిరి తీస్తుంటే ఆ ఊపిరి సోంబారిది. పక్కకి ఒత్తిగిల్లితే ఆ కదలిక సోంబారిది. ఇంట్లో తనదంటూ ఏం మిగిలింది? దాలిమ్మ తట్టుకోలేకపోయింది. ఒకరోజు మధ్యాన్నం సోంబారి గుడిసెకి వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"కంప నేనే వేసాను."

"తెలుసు" అంది సోంబారి. ఆమె కత్తి నూరుకుంటోంది.

"రాళ్ళు నేనే తీసాను. బండ నేనే కడిగాను."

"తెలుసు. నీ చేతులమీద గాట్లు చూసాను. నా చేతులమీదా అవే గాట్లు."

"మరి తిట్టవేటి? ఊరికి చెప్పవేటి? నీకు కుళ్ళంటే ఏటో తెలీదు. దేవతవి కదా నువ్వు! అందుకే నిన్ను చూస్తే నాకు మంట!"

సోంబారి నూరడం ఆపింది. కాసేపు బొటనవేలితో కత్తి అంచు తడుముకుంది.

"తెలీదా?" అంది. "ఇలా కూర్చో అమ్మీ. నువ్వు ఈ ఊరికి కాపరానికొచ్చిన రోజు నుంచి నిన్ను చూస్తే నాకు కళ్ళలో కారం కొట్టినట్టే. పొద్దున్న మీ ఇంటి కప్పులోంచి పొగ లేస్తే నా కడుపులో పొగ లేచేది. పండన్న గుమ్మంలో నిలబడి నిన్ను పేరు పెట్టి పిలిచేవాడు. నా పేరు పెట్టి ఇంట్లో పిలిచినోడు పోయి ఎన్నాళ్ళైందో. నువ్వు గోడకి బొమ్మలు గీస్తావు కదా. నెమలికి మూడు ఈకలు ఎత్తుగా గీస్తావు, మిగతావి వాల్చి గీస్తావు. ఆడపిల్లల్లో చివరిదానికి చెయ్యి పట్టుకునేవాళ్ళు లేకుండా వదిలేస్తావు. నేను నేరుగా వెళ్ళే తోవ వదిలి చుట్టూ తిరిగి మీ గోడ ముందు నుంచి వెళ్ళేదాన్ని. చూసి ఏడుపొచ్చేది. నాకూ ఒక గోడ ఉంటే, గీస్తే చూసేవాడుంటే అనిపించేది. ఆ మంటకి ఏం చెయ్యాలో తెలీక కత్తి పట్టుకుని అడవిలో పడేదాన్ని. మంట లేచినప్పుడల్లా ఇంకో బారెడు కొట్టేదాన్ని. అలా కొట్టుకుంటూ పోతే లోయ వచ్చేసింది. ఊరోళ్ళు నాది మంచి మనసన్నారు. నేను కాదనలేదు."

దాలిమ్మ గీసిన నెమలి ఈకల లెక్క తెలిసిన మనిషి లోకంలో ఒకరున్నారు. ఆ మనిషి ఈమె. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అంతలోనే కోపం వచ్చేసింది.

"అంటే కుళ్ళులో కూడా నాకంటే నువ్వే ఎక్కువా?" అంది.

సోంబారి నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. దాలిమ్మకి కూడా నవ్వొచ్చింది కానీ ఆపుకుని, విసవిసా నడిచి ఇంటికెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి మొగుడికీ చెప్పింది. బండ నేనే కడిగాను మావా అంది. పండన్న అటు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు మాట్లాడలేదు, మర్నాడు మాట్లాడలేదు. కాలు విరిగినోడు, అటు తిరిగితే గోడ తప్ప ఇంకేం కనబడుతుంది? మూడోరోజు అన్నాడు.

"ఈ నెమళ్ళు ఎప్పుడు గీసావే?"

"ప్రతి ఏడూ గీస్తాను."

"ఎప్పుడూ చూళ్ళేదే."

"ఏడిసావు" అని అతనికి అంబలి పట్టింది. అలా ఆ ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి.

ఆ వానాకాలం సోంబారికి జ్వరం తగిలింది. మొలలోతు చలినీళ్ళలో నిలబడిన నాటి దగ్గు పోలేదంటారు కొందరు. దాలిమ్మ వెళ్ళి గంజి పోసింది, కాళ్ళు పట్టింది. చివరి రోజు సోంబారి "ఈ ఏడు గడ్డి ఎక్కువ లేస్తాది" అంది. అదే ఆఖరి మాట. లోయ చివర తోవ పక్కన ఆమెని మట్టి చేసి, మీద ఒక నిలువు రాయి పాతారు.

చలికాలం వచ్చింది. జీలుగు గెలలు వేసింది. తోవ కొట్టేవాళ్ళు లేరు. మగాళ్ళు గడ్డిని చూసి, నువ్వు కొట్టు అంటే నువ్వు కొట్టు అనుకున్నారు. పొద్దు లేచేవేళకి దాలిమ్మ కత్తి పట్టుకుని డొంకలో ఉంది.

మంచితనం కొద్దీ చేసిందనుకోకండి. ఆమెలో పాపం చేసానన్న బాధ ఉంది, నిజమే. కానీ దానికింద పాత కుంపటి అలాగే ఉంది. నా చేతులు ఆమె చేతులకి తీసిపోతాయా? నాకేటి తక్కువ? చూద్దాం, ఇప్పుడు ఎవరి తోవ అంటారో! అనుకుంది.

ముళ్ళు వేళ్ళతో సహా పీకింది. గెడ్డలో రాళ్ళ బదులు రెండు మద్దిదుంగలు వేయించింది. జారుడు బండమీద బూడిదతో సరిపెట్టుకోలేదు. ఉలి పట్టుకుని, చలికాలమంతా కూర్చుని, అడుగు ఆనేలా మెట్లు తొలిచింది. అరచేతులు కాయలు కాచాయి. ఆఖరికి కల్లు కుండలు ఎప్పుడూ లేనంత పొద్దున్నే ఊళ్ళోకొచ్చాయి. పిల్లలు నిద్ర కళ్ళతోనే తాగారు.

దాలిమ్మ చావడి పక్కన నిలబడి చెవి రిక్కించింది.

"సోంబారి తోవ ఈ ఏడు ఎంత బాగుందో!" అన్నారు ఊరోళ్ళు.

దాలిమ్మ ఒళ్ళంతా భగ్గుమంది. తిన్నగా లోయలో నిలువు రాయి దగ్గరికెళ్ళింది.

"చచ్చిపోయి కూడా నా పేరు తింటన్నావేటి? ముల్లు పీకింది నేను. దుంగ వేసింది నేను. మెట్టు తొలిచింది నేను. పేరు నీదా? సిగ్గులేదూ?"

రాయి ఏం మాట్లాడుతుంది? దాని నెత్తిమీద గడ్డి లేచింది. దాలిమ్మ తిడుతూ తిడుతూనే ఆ గడ్డి పీకేసింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళి తిట్టింది. ఆ మర్నాడు మళ్ళీ తిట్టింది. అదే అలవాటైపోయింది. పొద్దున్నే లేవడం, తోవ ఊడ్చుకుంటూ లోయదాకా వెళ్ళడం, రాయిని తిట్టడం, తిరిగి రావడం. ఊరి కబుర్లన్నీ ఆ తిట్లలోనే చెప్పేది. "నాయుడి మనవడు నడుస్తన్నాడు. నువ్వు చూళ్ళేదు, నేను చూసాను." "ఈ ఏడు గోడకి ఏనుగుల్ని గీసాను. ఏడువు!" అనేది. బతికున్న మనిషిమీద కుళ్ళుకుంటే ఆ మనిషి ఎప్పుడైనా తగ్గొచ్చు. చచ్చినోళ్ళు తగ్గరు. దాలిమ్మ జుట్టు నెరిసింది. సోంబారి పేరు నెరవలేదు.

పండన్న ఒక్కడే అనేవాడు, "ఇది నీ తోవే కదే" అని. "నువ్వొక్కడివి అంటే సరిపోద్దేటి?" అనేది ఆమె. కానీ అతను అనడం మానేస్తే అడిగి అనిపించుకునేది.

ఒక ఏడు ఊరికి కొత్త కోడలొచ్చింది. దూరం ఊరి పిల్ల, పేరు మొంగ్లి. ఆడాళ్ళంతా గెడ్డ దగ్గర కూర్చుంటే ఆ పిల్ల దుంగలు తొక్కి చూసి, "మా వైపు ఇలాంటి తోవ లేదు. ఎవరిదమ్మా ఇది?" అంది.

"సోంబారిది" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

దాలిమ్మ లేచి నిలబడింది. చాలా ఏళ్ళుగా నోట్లో పెట్టుకున్న మాట. నాది అని అరవబోయింది. అరవబోతే, నడుముకి తీగ కట్టుకుని ముందుకు వంగి లాగుతున్న ఆ ఎత్తుపల్లాల భుజాలు కళ్ళముందు కదిలాయి.

"అవును. సోంబారిదే" అంది. ఒక గుటక మింగింది. "సగం."

"మిగతా సగం?" అంది మొంగ్లి.

"నాది! గెడ్డకి అవతల ఆమెది, ఇవతల నాది. ఎవరైనా కాదంటే ఇప్పుడే చెప్పండి!"

ఒక ముసలామె, "కాదనేదెవరే? ఇన్నాళ్ళూ అడగొద్దూ మరి?" అంది. అందరూ గొల్లుమని నవ్వారు. దాలిమ్మ నవ్వలేదు. కానీ ఆ రోజు ఇంటికి వెళ్తుంటే నడక మారిందని మొంగ్లి తరవాత చెప్పేది. పందెంలో గెలిచిన మనిషిలా నడిచిందట.

అప్పటి నుంచి అది రెండు తోవలు. ఊరి నుంచి గెడ్డదాకా దాలిమ్మ తోవ. గెడ్డ నుంచి లోయదాకా సోంబారి తోవ. ఊడ్చేది మాత్రం రెండూ దాలిమ్మే. మొదట్లో తన సగం అద్దంలా ఉంచి, ఆమె సగం పైపైన ఊడ్చింది. రెండు రోజులు కాకముందే నచ్చలేదు. ఎదటి మనిషి చేతులు కట్టేసి పందెం గెలిస్తే అదేం గెలుపు? సోంబారి ఉంటే ఇక్కడ ఎలా కొట్టేది, ఈ వెదురు ఎలా కట్టేది అని తలుచుకుని తలుచుకుని అచ్చం అలాగే చేసింది. చేసి వెనక్కి తిరిగి చూస్తే సోంబారి సగమే బాగున్నట్టు కనిపించింది. కుళ్ళొచ్చేసింది. వెంటనే ఇవతలికొచ్చి తన సగం మళ్ళీ ఊడ్చుకుంది. అలా ఇటూ అటూ తిరిగి తిరిగి ముసలిదైపోయింది.

ఒక మాఘమాసం పొద్దున్న కల్లు దించేవాళ్ళకి దుంగలమీద కూర్చుని కనబడింది. ఒడిలో కత్తి ఉంది. కాళ్ళు నీళ్ళవైపు వేలాడుతున్నాయి. ముసలమ్మ అలిసిపోయి కూర్చుందనుకున్నారు. దగ్గరికెళ్తే ఊపిరి లేదు. గెడ్డకి అవతలా కాదు, ఇవతలా కాదు, సరిగ్గా నడుమ. సోంబారి సగం వైపు నుంచి వస్తోందో, అటే వెళ్తోందో ఎవరికీ తెలీలేదు. ఆ రోజు రెండు సగాల్లోనూ ఒక్క ఆకు లేదు.

ఆమె రాయిని గెడ్డకి ఇవతల పాతారు. సోంబారి రాయికంటే పొట్టిగా ఉంటే ఊరుకోదని, రెండు రాళ్ళనీ కర్ర పెట్టి కొలిచి మరీ పాతారు.

ఇప్పటికీ నేరేడుపుట్టులో మొదటి మంచు పడగానే ఆడాళ్ళు రెండు జట్లవుతారు. సగంమంది సోంబారి జట్టు, సగంమంది దాలిమ్మ జట్టు. కొత్తగా కాపరానికొచ్చిన పిల్లల్ని రెండు జట్లూ చెయ్యి పట్టుకుని చెరోవైపు లాగుతాయి. ఒక జట్టు ఊరి నుంచి, ఒక జట్టు లోయ నుంచి తోవ కొట్టుకుంటూ వస్తారు. చేతులు పనిలో ఉంటే నోళ్ళు తిట్లలో ఉంటాయి. "మీ కత్తులు మొద్దువి!" అని వీళ్ళు, "మీ కళ్ళు గుడ్డివి!" అని వాళ్ళు. కొండంతా మార్మోగుతుంది. కడుపులో ఎవరిమీద ఏ మంట ఉన్నా ఆ రోజు కత్తికి పెట్టి నరికేస్తారు. గెడ్డ దగ్గర కలుసుకున్నాక ఒకళ్ళ సగంలోకి ఒకళ్ళు వెళ్ళి, వంగి వంగి వెతికి, ఒక్క ముల్లు దొరికినా పైకెత్తి ఊరంతటికీ చూపిస్తారు.

తరవాత తొలి కల్లు కుండ వస్తుంది. రెండు అడ్డాకు దొప్పలు కుట్టి, ఒకటి సోంబారికి, ఒకటి దాలిమ్మకి పోస్తారు. పోసేది ఊళ్ళోకెల్లా పెద్ద ముసలమ్మ. చెయ్యి వణుకుతుంది కదా, ఒకదాంట్లో చుక్క ఎక్కువ పడుతుంది.

"వాళ్ళకే ఎక్కువ పోసావు!" అంటుంది ఒక జట్టు.

"కాదు, వాళ్ళకే!" అంటుంది రెండో జట్టు.

ముసలమ్మ ఇందులోంచి అందులోకి ఒంపుతుంది, అందులోంచి ఇందులోకి ఒంపుతుంది. పిల్లలు చుట్టూ నిలబడి ఎప్పుడు తేలుతుందా అని గుటకలు మింగుతుంటారు. ఇన్నేళ్ళైంది. ఇంతవరకూ ఒక్క ఏడు కూడా తేలలేదు.